పాత నవలల్లో మీకు ఏది నచ్చిందో, ఏది నచ్చలేదో తేల్చుకోవడం ఎలా

మీకు ఇష్టమైన తెలుగు నవలలు ఐదు చెప్పండి అని అడిగితే మనలో చాలామంది నోటి నుంచి ఇంచుమించు అవే పేర్లు వస్తాయి. వేయిపడగలు, మాలపల్లి, చివరకు మిగిలేది, అసమర్థుని జీవయాత్ర, మైదానం. మంచి పేర్లే, ఒక్కటీ కొట్టేయాల్సింది కాదు. కానీ అవి మనకు నిజంగా నచ్చాయా, నచ్చాలని పెద్దవాళ్ళు చెబితే తలూపామా అన్నది వేరే ప్రశ్న. నేను చాలా ఏళ్ళు ఈ జాబితానే అప్పజెప్పాను, అందులో రెండు పూర్తిగా చదవకుండానే. తర్వాత ఒక్కొక్కటీ మళ్ళీ తీసి, ఇది నా మాట అని చెప్పగలిగేదాకా కూర్చున్నాను. నాలుగేళ్ళు పట్టింది. ఎలా చేశానో చెబుతాను, మీకు పనికొచ్చేది తీసుకోండి.

దీనికి దారి చూపించింది విశాఖ ఎంవీపీ కాలనీలో మా వీధి చివర ఉండే ఒక రిటైర్డ్ మాస్టారు. ఆయనకు విశ్వనాథ సత్యనారాయణ గారి వేయిపడగలు అంటే ప్రాణం. ఒకరోజు ధైర్యం చేసి, "మాస్టారూ, నాకు ఆ పుస్తకం సాగలేదండి, నచ్చలేదు" అన్నాను. కోప్పడతారనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి, "ఎక్కడ ఆగిపోయావమ్మా?" అని అడిగారు. ఎందుకు నచ్చలేదు అని అడగలేదు, ఎక్కడ అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఎందుకు అని అడిగితే ఏదో ఒకటి చెప్పేసేదాన్ని, పాతకాలం భావాలండీ, మరీ పెద్ద పుస్తకమండీ అని. ఎక్కడ అంటే పేజీ చెప్పాలి, ఆ పేజీలో ఏం జరుగుతోందో చెప్పాలి. నేను చెప్పబోయే పద్ధతంతా ఆ ఒక్క ప్రశ్న మీదే నడుస్తుంది.

కాబట్టి ముందు ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. ఫోన్‌లో రాసుకున్నా ఫర్వాలేదు గానీ, పుస్తకంలో పెట్టి మూయడానికి వీలుగా ఉంటే మేలు. చదివిన ప్రతిసారీ మూడే రాయండి: తేదీ, ఆపిన పేజీ, ఆ పూట గుర్తుండిపోయిన మనిషో మాటో ఒకటి. విమర్శ రాయొద్దు. "అద్భుతమైన శైలి" లాంటి మాటలు అసలే వద్దు, నెల తర్వాత చూస్తే అవి ఏ పుస్తకం గురించి రాశారో మీకే తెలియదు. "112, సావిత్రి మాట్లాడుతుంటే సుబ్బయ్య గోడ వైపు చూశాడు" లాంటిది మీ సొంత మాటల్లో రాసుకుంటే చాలు, ఆ పూట మీ మనసు ఎక్కడ ఉందో అదే చెబుతుంది.

ఇక ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి? అందరూ గొప్పదన్నదాంతో కాదు. విశాఖలో ఉండేవాళ్ళకు నా సలహా, మన ఊరి నవలతో మొదలుపెట్టండి. రావిశాస్త్రి గారి అల్పజీవి ఉంది, డాక్టర్ పి. శ్రీదేవి గారి కాలాతీత వ్యక్తులు ఉంది. శాస్త్రి గారు ఈ ఊళ్ళోనే వకీలుగా బతికారు, ఇక్కడి మనుషుల భయాలూ బాకీలూ ఆయనకు కొట్టినపిండి. శ్రీదేవి గారు అనకాపల్లిలో పుట్టి డాక్టరు చదివారు, రాసింది ఒకే నవల, అది 1957–58లో తెలుగు స్వతంత్రలో సీరియల్‌గా వచ్చింది, 1961లో చాలా చిన్న వయసులోనే ఆవిడ పోయారు. తెలిసిన ఊరి కథ అయితే ఊరిని ఊహించుకునే శ్రమ తప్పుతుంది, మనసంతా మనుషుల మీదే ఉంటుంది. సముద్రపు గాలికి బట్టలు ఎలా జిడ్డుగా అవుతాయో, సాయంత్రం బీచ్ రోడ్డు మీద ఇద్దరు నడుస్తుంటే ఎంతమంది చూస్తారో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. పైగా రెండూ మరీ పెద్దవి కావు. మొదటి పుస్తకం పూర్తికావడం చాలా ముఖ్యం, ఎందుకంటే పూర్తిచేసిన పుస్తకం నచ్చకపోయినా చేతిలో ఏదో ఒకటి మిగులుతుంది.

ఎన్ని పేజీలు చదివాక వదిలేయొచ్చు అని చాలామంది అడుగుతారు. నా లెక్క ఇది. రెండు వందల పేజీల లోపు నవలైతే పూర్తిచేయండి, నచ్చినా నచ్చకపోయినా. చలం గారి మైదానం ఒక మధ్యాహ్నం పని, దాన్ని సగంలో ఆపి అభిప్రాయం చెప్పడం న్యాయం కాదు. పెద్ద నవలకు వంద పేజీలు ఇవ్వండి. వంద దగ్గర ఆగాలనిపిస్తే ఆగండి, కానీ పేజీ నంబరు రాసి, అక్కడ ఏం జరుగుతోందో ఒక వాక్యం రాసి ఆగండి. దాన్ని "నచ్చలేదు" కింద వేయొద్దు, "ఆగింది" అని వేరే పేజీ పెట్టండి. నా పుస్తకంలో ఆ పేజీలో పదకొండు పేర్లు ఉండేవి, ఇప్పుడు ఏడున్నాయి, తీసేసిన నాలుగింటిలో మూడు నచ్చినవాటిలోకి వెళ్ళాయి.

ఇంకో సంగతి, చదివే వేగం. ఈ పాత నవలల్లో చాలా వాటిని ఒక్క ఊపులో చదవడానికి రాయలేదు. కందుకూరి వారి రాజశేఖర చరిత్రము ముందు ఆయన పత్రిక వివేకవర్ధనిలో వచ్చింది, 1880లో పుస్తకమైంది. బుచ్చిబాబు గారి చివరకు మిగిలేది కూడా 1946–47లో నవోదయ పత్రికలో వచ్చిందే. ఇంగ్లిషులో డికెన్స్ నవలలూ అంతే, విడతలు విడతలుగా వచ్చాయి. తర్వాతి విడతకు ఎదురుచూసే పాఠకుడి కోసం రాసినదాంట్లో చెప్పింది మళ్ళీ చెప్పడం ఉంటుంది, అధ్యాయం చివర ఆపి ఉంచడం ఉంటుంది. మనం ఆదివారం ఒక్కరోజే మూడు వందల పేజీలు లాగించి, సాగదీశాడు అంటాం. రోజుకు ఒక్క అధ్యాయం చదవండి. నేను భీమిలి వెళ్ళే బస్సులో ఒక అధ్యాయం, వచ్చేటప్పుడు దాని గురించి ఆలోచన, అలా చదివిన రోజుల్లోనే చివరకు మిగిలేది నాకు లొంగింది.

భాష దగ్గర ఆగిపోతే అది నవల తప్పూ కాదు, మీ తప్పూ కాదు. రాజశేఖర చరిత్రము గ్రాంథికంలో ఉంటుంది, కళ్ళతో చదివితే ప్రతి వాక్యం కొండెక్కినట్టు ఉంటుంది. పైకి చదవండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు, గొంతెత్తి, పురాణం చదివినట్టు. పది పేజీలు అయ్యేసరికి చెవికి అలవాటు అవుతుంది, జ్యోతిష్కుడూ బైరాగీ వచ్చే చోట్ల నవ్వు కూడా వస్తుంది. దాని నమూనా గోల్డ్‌స్మిత్ రాసిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ అని అందరూ చెబుతారు గానీ, ఆ వాకిలీ ఆ చుట్టాలూ పూర్తిగా మనవాళ్ళే. పైకి చదివాక కూడా రుచించకపోతే అప్పుడు నచ్చలేదని నిశ్చింతగా రాసుకోండి. చిన్న అక్షరాలు, అరిగిపోయిన అచ్చు కూడా ఇలాంటి అడ్డే. స్కాన్ కాపీ మసగ్గా ఉండి వదిలేసిన పుస్తకాన్ని మంచి ముద్రణ దొరికాక ఇంకోసారి చూడండి, నాకు మాలపల్లి అలాగే తిరిగి దొరికింది.

ఇప్పుడు అసలు కష్టమైన చోటికి వద్దాం. మనిషి నచ్చకపోవడం వేరు, నవల నచ్చకపోవడం వేరు. నేను ఎక్కువ పొరపాట్లు చేసింది ఇక్కడే.

అల్పజీవిలో సుబ్బయ్యను చూడండి. భార్యకు భయం, బావమరిదికి భయం, ఆఫీసులో భయం, కాంట్రాక్టరు గవరయ్యంటే మరీ భయం. మొదటిసారి చదివినప్పుడు ఆ మనిషిని పట్టుకుని కుదిపేయాలనిపించింది, పుస్తకం మూసి "నచ్చలేదు" అన్నాను. రెండోసారి నోటుబుక్కులో పేజీలు రాసుకుంటూ చదివితే ఒకటి కనిపించింది: సుబ్బయ్య మీద నాకు చిరాకు వచ్చిన ప్రతిచోటా నేను పుస్తకం వదల్లేదు, ఇంకా గట్టిగా పట్టుకున్నాను. అంటే చిరాకు తెప్పించడంలో రచయిత గెలిచాడన్నమాట. మనిషి తల లోపల భయం ఎలా గిరగిరా తిరుగుతుందో అంత దగ్గరగా చూపించిన తెలుగు నవల నేను ఇంకొకటి చదవలేదు. ఇప్పుడది నా మొదటి ఐదింటిలో ఉంది, సుబ్బయ్య మీద చిరాకు మాత్రం అలాగే ఉంది.

కాలాతీత వ్యక్తుల్లో ఇందిర సంగతి కూడా అంతే. మా పిన్ని ఆ పుస్తకం చదివి "ఏటే ఆ పిల్ల, సిగ్గూ ఎగ్గూ లేదు, నాకు నచ్చలేదు" అంది. సరే పిన్నీ, కల్యాణి ఎలా ఉంది అంటే "మంచి పిల్ల" అంది. ప్రకాశం? "వాడా, పిరికి సన్నాసి" అంది. వసుంధర గురించి అడిగితే కాసేపు ఆలోచించాల్సి వచ్చింది. ఇందిర గురించి మాత్రం అరగంట మాట్లాడింది, ఎవరితో ఏమంది, ఏ గదిలో నుంచుని అంది, తండ్రిని ఎలా భరించింది, అన్నీ. నేను వింటూ కూర్చున్నాను. నచ్చలేదన్న మనిషి గురించి అరగంట చెప్పగలిగితే ఆ నవల మీలోకి వెళ్ళిందని అర్థం. దాన్ని నచ్చనివాటిలో వేసేముందు ఒక్కసారి ఆగండి.

దీనికి ఎదురుది కూడా ఉంటుంది. మనిషి మీద జాలి కలిగినా నవల నచ్చకపోవచ్చు. గోపీచంద్ గారి అసమర్థుని జీవయాత్ర నాకు అలాంటిది. సీతారామారావు పడే బాధ నిజమైన బాధ, ఆ స్థితిలో ఉన్న మనుషులు నాకు తెలుసు. తెలుగులో మనోవైజ్ఞానిక నవలకు అది మొదటి మెట్టు అని చెబుతారు, కాదనను. కానీ అతను ఎందుకలా అయ్యాడో నేను కనుక్కునేలోపే పుస్తకం విడమర్చి చెప్పేస్తుంది, ఆ విడమర్చే పేజీలన్నిటి నంబర్లూ నా దగ్గర ఉన్నాయి. ఆ పేజీలు లేని నవల అయితే నాకు ప్రాణమయ్యేది. ఇది రెండుసార్లు చదివి చెబుతున్న మాట, కాబట్టి ఇది నచ్చలేదని పైకి చెప్పడానికి నాకు మొహమాటం లేదు. మీకు అదే ప్రాణమైతే ఆ పేజీలు తీసి నాతో వాదించండి, వినడానికి సిద్ధంగా ఉన్నాను.

మనుషుల తర్వాత భావాలు. ఇక్కడ వేయిపడగలు, మాలపల్లి ఒకదాని తర్వాత ఒకటి చదవమని చెబుతాను. ఒకటి సుబ్బన్నపేటలో పాత వ్యవస్థ ఒక్కో పడగా రాలిపోతుంటే గుండె పగిలి రాసింది. ఇంకొకటి ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైల్లో కూర్చుని, మాలపల్లి వాసులను కథ మధ్యలో నిలబెట్టి రాసింది, 1922లో అచ్చయితే ప్రభుత్వం నిషేధించింది. రెండింటి మధ్య ఒక్క పుష్కర కాలమే. మీ రాజకీయం ఏదైనా సరే, రెండింటిలో ఒకటి మిమ్మల్ని ఇబ్బంది పెడుతుంది. ఆ ఇబ్బందిని "నచ్చలేదు" అని రాయకండి, "ఒప్పుకోను" అని రాయండి. ఈ రెండు మాటలకూ వేరువేరు గడులు పెట్టుకున్న రోజు నుంచి నాకు చదవడం చాలా తేలికైంది. వేయిపడగల్లో ధర్మారావు చెప్పేవాటిలో సగం నేను ఒప్పుకోను. కానీ గిరిక వచ్చే ప్రతి పేజీ నాకు నచ్చింది, దేవుడి ముందు ఆ అమ్మాయి ఆడుతుంటే చదువుతున్న నాకు చుట్టూ చప్పుడు ఆగిపోయినట్టైంది. మాలపల్లి చెప్పేదంతా దాదాపు ఒప్పుకుంటాను, సంగదాసు చనిపోయే చోట ఏడ్చాను, అయినా రామదాసు వేదాంతం సాగే చోట్ల పేజీలు తిప్పాను. ఒప్పుకున్న పుస్తకంలో తిప్పేసిన పేజీలు, ఒప్పుకోని పుస్తకంలో ఆగి చదివిన పేజీలు, రెండూ నిజాయితీగా రాసుకుంటే మీ అభిరుచి మీకు కనబడుతుంది.

వేయిపడగలు పెద్దదని భయపడేవాళ్ళకు ఒక మాట. విశ్వనాథ వారు దాన్ని 29 రోజుల్లో చెబుతూ పోతే తమ్ముడు వెంకటేశ్వర్లు గారు రాశారు. అంటే అది నోటితో చెప్పిన పుస్తకం. అందుకే దారి తప్పి సంగీతంలోకీ చదువుల్లోకీ చెట్లూ పాముల్లోకీ వెళ్ళిపోతుంది, మళ్ళీ వస్తుంది. ఈ విషయం తెలిశాక నేను దాన్ని చదవడం మాని వినడం మొదలుపెట్టాను, పెద్దాయన అరుగు మీద కూర్చుని చెబుతున్నట్టు. మాస్టారికి పేజీ నంబరుతో సహా వెళ్ళి చెప్పాను, ఫలానా చోట ఆగానండి, ఫలానా చోట మళ్ళీ పట్టుకున్నానండి అని. ఆయన ఆ రోజు కాఫీ ఇప్పించి రెండు గంటలు మాట్లాడారు.

సినిమా చూసి నవల నచ్చిందనుకోవడం మామూలే, దీన్ని త్వరగా విడదీయొచ్చు. దేవదాసు అనగానే 1953 సినిమాలో నాగేశ్వరరావు గారి ముఖం గుర్తొస్తుంది, శరత్ చంద్ర 1917లో అచ్చువేసిన చిన్న నవల అది కాదు. కాలాతీత వ్యక్తులు 1963లో చదువుకున్న అమ్మాయిలు సినిమాగా వచ్చింది, అందులో ఇందిర కోసం వెతకొద్దు. సినిమా చూసినవి నోటుబుక్కులో గుర్తుపెట్టుకుని, పుస్తకం చదివాకే అభిప్రాయం రాయండి.

అనువాదాల్లో రష్యన్ నవలలు చాలామంది పేర్ల దగ్గరే వదిలేస్తారు. ఒకే మనిషికి సొంత పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, ముద్దుపేరు ఉంటాయి, దోస్తోయెవ్‌స్కీ నేరము–శిక్షలో రాస్కోల్నికోవ్, రొడియన్ రొమానొవిచ్, రోద్యా ముగ్గురూ ఒకడే. అట్ట లోపలివైపు ఒక చీటీ అంటించి, పేరు వచ్చినప్పుడల్లా ఎవరో రాసుకోండి. యాభై పేజీల తర్వాత చీటీ అవసరం ఉండదు. అనువాదం మరీ ఎండిపోయినట్టుంటే ఇంకొకరు చేసింది వెతకండి, మూల రచయిత మీద తీర్పు అప్పుడే ఇవ్వొద్దు.

వయసు గురించి కూడా చెప్పాలి. చివరకు మిగిలేది పందొమ్మిదేళ్ళప్పుడు చదివాను. దయానిధి మీద కోపం వచ్చింది, కోమలి, అమృతం, ఇందిర, ఇంతమంది మధ్య ఏమీ తేల్చుకోడేమిటని. నలభై దగ్గరపడ్డాక చదివితే ఆ అమ్మాయిలకన్నా దయానిధి తల్లి ఎక్కువ కనిపించింది, ఆవిడ గురించి ఊరు అనుకునే మాటలు కొడుకు మీద ఎలా పడుతూనే ఉంటాయో కనిపించింది. మా అమ్మ పోయిన ఏడాది అది. అందుకే ప్రతి అభిప్రాయం పక్కన చదివినప్పటి వయసు రాసుకోండి, పదేళ్ళకోసారి ఆ పేజీలు తిరగేయండి. మొక్కపాటి వారి బారిస్టర్ పార్వతీశం విషయంలో నాది దీనికి తలకిందులు, స్కూల్లో కడుపు పట్టుకుని నవ్వాను, ఇప్పుడు మొదటి భాగం దాటితే మనసు పోవడం లేదు. మొదటి భాగం మాత్రం ఇప్పటికీ బంగారం.

ఇక పదిమందిలో చెప్పడం. "బాగాలేదు" అనకండి, అది పుస్తకం మీద తీర్పు. "నాకు ఫలానా చోట నచ్చలేదు" అనండి. మేం ఐదారుగురం నెలకో ఆదివారం పొద్దున్న ఆర్కే బీచ్ దగ్గర కూర్చుంటాం. మా నియమం ఒక్కటే, ఏ అభిప్రాయమైనా పేజీ తెరిచి చదివి వినిపించాకే చెప్పాలి. అలా చదువుతుంటే సగంలోనే మనసు మార్చుకున్నవాళ్ళున్నారు. పెద్దవాళ్ళకు ప్రాణమైన పుస్తకం నచ్చకపోతే ముందు వాళ్ళకు నచ్చిన పేజీ ఏదో అడగండి, అది చదివి రండి, తర్వాత మీది చెప్పండి.

పుస్తకాలు కొనాల్సిన పని కూడా లేదు. ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది, అక్కడ కూర్చుని చదువుకోవచ్చు. హక్కులు తీరిన పాతవి, స్కాన్ చేసినవి ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో బోలెడు దొరుకుతాయి. నచ్చినవి మాత్రం కొనండి, మళ్ళీ చదవాలంటే అంచుల్లో రాసుకున్న కాపీ ఇంట్లో ఉండాలి.

ఇప్పుడు నేను అడివి బాపిరాజు గారి నారాయణరావు చదువుతున్నాను. 1934లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం నవలల పోటీ బహుమతిని వేయిపడగలుకూ దీనికీ కలిపి ఇచ్చింది. ఒకదాని గురించి ఇన్నేళ్ళు వాదించుకుని రెండోదాన్ని తెరవనే లేదని మొన్ననే తోచింది. 87వ పేజీలో ఉన్నాను. దాని పక్కన ఇంకా ఏమీ రాయలేదు.